గడప మీద నిలబడకూడదు

అమ్మ కుట్టుమిషను సొరుగులోంచి టేపు తీసి
తలుపులన్నీ కొలిచాను.
పడగ్గదికి ముప్పై నాలుగు అంగుళాలు, చెద తిన్న చట్రం.
బాత్రూముకి ఇరవై ఆరు, అదీ ప్లాస్టిక్కు,
చెయ్యి వేస్తేనే మూలుగుతుంది.
వంటింటికి తలుపే లేదు.
వీధి వాకిలి ఒక్కటే టేకుది.
పైన ఎండిన మామిడాకులు,
ఏ పాత అద్దెవాళ్ళో కొట్టిన రెండు మేకులు.

వారసిగూడ, రెండో అంతస్తు.
ఇంటావిడ సులోచనమ్మ మొదటి రోజే చెప్పింది:
"ఇంకో మొల కొట్టినవా, అడ్వాన్సుల కోస్త."
స్క్రూలు బిగించే రకం
అక్కడితోనే పోయింది.

కోఠీ సందులో, క్యారంబోర్డుల వెనక నుంచి
మాజిద్ భాయ్ మూడు కడ్డీలు తెచ్చి
నేల మీద వరసగా పెట్టాడు
కొర్రమీనులు పరిచినట్టు.
కొక్కెంలా తగిలించేదాని మీద నా కన్ను పడింది.
"అది మన ఇండ్లకు రాదు మేడం.
బయటి దేశంల తలుపు సుట్టూ చెక్క అంచు ఉంటది,
దాన్ని పట్టుకొని ఆగుతది.
మన దర్వాజ గోడతోని సమానం. దేన్ని పట్టుకుంటది?"

మిగిలింది తిప్పి బిగించేది.
రెండు చివర్లా రబ్బరు పాదాలు.
"ఎంత బరువున్నరు?"
డెబ్భై ఒకటి, అన్నాను.
డెబ్భై నాలుగు.
డబ్బా మీద నూట యాభై కిలోలని రాసుంది.
"అండ్ల సగం నమ్మండి" అన్నాడు.
సగం డెబ్భై ఐదు.
ఒక్క కిలో మిగిలింది నాకు.

నాది ఆడిట్ పని. నెలకి పన్నెండు రోజులు
జహీరాబాదు, మెదక్, నారాయణఖేడ్ లాడ్జీలు.
కడ్డీని ఒకసారి బస్సెక్కించాను.
"ఏంది మేడం, పరదాల రాడా?" అంది కండక్టరు.
అందుకే ప్రయాణానికి వేరే కొన్నాను:
నైలాను పట్టీ, చివర లావుపాటి ముడి,
మొత్తం కలిపి చెప్పుల జతంత బరువు లేదు.
ముడిని తలుపు మీంచి అవతలికి జార్చి మూసెయ్యాలి.
తలుపు మనవైపు తెరుచుకునేదైతే మాత్రం
మన బరువంతా గడియ మీదే.
ఇది ఏ కాగితం మీదా రాసి లేదు.
గడియ వెయ్యని ఒక సాయంత్రం
నారాయణఖేడ్‌లో టీ తెచ్చిన కుర్రాడు తలుపు తోశాడు.
నేను నేల మీద. గ్లాసు ఒలక్కుండా అతని చేతిలో.
ఎవరం ముందు సారీ చెప్పామో గుర్తులేదు.
ఇప్పుడు గది చూపిస్తే
దుప్పట్లు చూడను, ఫ్యాను వేసి చూడను,
తలుపు ఎటు తెరుచుకుంటుందో చూస్తాను.

పోయినేడు కుడి భుజం బిగుసుకుపోయింది.
జడ వేసుకోవడానికి
కింది వాటా పిల్లని పిలిచేదాన్ని.
ఆ పిల్ల స్కూలు ఆలస్యమైతే
జుట్టు ముడేసుకుని ఆఫీసుకి.
ఫిజియో మృణాళిని చెప్పింది:
"లాగక్కర్లేదు. వేలాడండి చాలు,
తీగ మీద తడిబట్టలా."

తడిబట్టలు ఆ మాట నిజమనుకున్నట్టున్నాయి.
వారం తిరక్కుండా కడ్డీ మీద
ఒక చున్నీ, ఒక తువ్వాలు, రెండు లంగాలు.
అద్దెకొచ్చిన సులోచనమ్మ పైకి చూసింది,
వేలితో గోడ తడిమింది, కన్నం లేదు.
"బట్టలకా? మంచిగుంది.
యాడ కొన్నవ్, నాకొకటి తే."
తెస్తానన్నాను. బరువెంత అని మాత్రం అడగలేదు.

ఐదున్నరకి బట్టలన్నీ కుర్చీలో పడేసి
వాకిలి తెరిచి
మునివేళ్ళ మీద లేచి అందుకుంటాను.
గడప మీద నిలబడకూడదనేది మా నాయనమ్మ,
లోపలికైనా రా, బయటికైనా పో, అని.
నిలబడలేదు నాయనమ్మా,
కాళ్ళు గడపకి రెండంగుళాల పైన ఉన్నాయి.
తొమ్మిది, పది,
ఎండిన మామిడాకు ఒకటి తల మీద రాలింది,
పదకొండు,
రబ్బరు పాదం దగ్గర చిన్న కిర్రు,
ఆ ఒక్క కిలో గుర్తొచ్చింది,
పన్నెండు.
మెట్ల మీద పాలబ్బాయి చెప్పుల చప్పుడు.
రానీ.
పదమూడు.